మధ్యాహ్నం ఒకటిన్నరకు: ఉపగ్రహం సాయంతో ఊరి గాలిని చదవడం

పరకాల దగ్గరి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం చెబుతాను. మా ఊరికి ఈశాన్యంగా, సూటిగా కొలిస్తే పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా, చెల్పూరులో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం ఉంది. ఒక యూనిట్ 500, మరొకటి 600 మెగావాట్లు. ఇంకా ఉత్తరానికి వెళ్తే రామగుండంలో 2,600 మెగావాట్ల పాత కేంద్రం, దాని చేరువలోనే కొత్తగా వచ్చిన 1,600, గోదావరి దాటితే జైపూర్‌లో 1,200. వీటి మధ్య బొగ్గు గనులు, సిమెంటు, ఎరువుల ఫ్యాక్టరీలు. మా వైపు పత్తి, మిర్చి, వరి. జనవరి తెల్లవారుజామున పొలాల మీద బూడిదరంగు తెర పరుచుకుని ఉంటుంది. "అది మంచా మేడమ్, పొగా?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. "పొగైతే ఎవరిది?" అని వెంటనే ఇంకో ప్రశ్న. గాలిని కొలిచే యంత్రం మా దగ్గర్లో ఎక్కడా లేదు. అందుకే ఉపగ్రహం వైపు చూశాను.

ముందుగా నేను చేసిన తప్పు చెబుతాను. ఒక్క రోజు చిత్రాన్ని దించుకుని, రంగులు వేసి, ముద్రించి గ్రామసభకు తీసుకెళ్లాను. మా మండలం మీద ఎర్రటి మచ్చ. ఒడిలో పసిపిల్లతో వచ్చిన ఒక తల్లి, "కొన్నాళ్లు మా పుట్టింటికి వెళ్లమంటారా?" అని అడిగింది. వెనక వరుసలో కూర్చున్న పెద్దాయన నెమ్మదిగా, "టీచరమ్మా, ఇది నిన్న ఒక్కనాటి సంగతా, రోజూ ఇంతేనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్లి ఆ వారం చిత్రాలన్నీ తీసి చూస్తే, రెండు రోజులు మబ్బుల వల్ల ఖాళీగా ఉన్నాయి, మిగతా రోజుల్లో ఆ మచ్చే లేదు. పైగా రంగుల కొలబద్ద పై అంచును నేనే మరీ కిందికి పెట్టాను. మామూలు విలువ కూడా దానివల్ల ఎర్రగా కనిపించింది. ఆ తల్లిని ఊరికే భయపెట్టానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. కింద చెప్పే పద్ధతంతా ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు చెప్పగలగడం కోసం నేర్చుకున్నదే.

ఉపగ్రహం చూసేది ఏమిటి

యూరప్ అంతరిక్ష సంస్థ కోసం 2017 అక్టోబరు 13న ప్రయోగించిన సెంటినెల్-5పి మన పనికి ముఖ్యమైన ఉపగ్రహం. దాని మీద ఉన్న పరికరం పేరు ట్రోపోమి. 824 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరుగుతూ, ఒక్కో చుట్టులో సుమారు 2,600 కిలోమీటర్ల వెడల్పున నేలను చూస్తుంది. కాబట్టి దాదాపు భూమి అంతటినీ రోజుకొకసారి చూసినట్టు అవుతుంది.

సూర్యకాంతి గాలిలోంచి దిగి, నేలను తాకి, మళ్లీ గాలిలోంచే పైకి పోతుంది. ఈ రాకపోకల్లో ఒక్కో వాయువు కాంతిలో తన వంతు రంగులను మింగుతుంది. నైట్రోజన్ డయాక్సైడ్ గుర్తును నీలి కాంతిలో, 405 నుంచి 465 నానోమీటర్ల మధ్య వెతుకుతారు. ఓజోన్, సల్ఫర్ డయాక్సైడ్ గుర్తులు అతినీలలోహితంలో దొరుకుతాయి. కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ గుర్తులు పరారుణంలో, 2.3 మైక్రోమీటర్ల దగ్గర ఉంటాయి. నేరుగా సూర్యుడి నుంచి వచ్చిన కాంతితో పోల్చి ఏ రంగు ఎంత తగ్గిందో చూస్తే వాయువు ఎంత ఉందో లెక్క తేలుతుంది. తరగతిలో దీన్ని చూపించడానికి గాజు గ్లాసు నీళ్లలో పొటాషియం పర్మాంగనేట్ కొద్దిగా కలిపి, దాని గుండా వచ్చిన టార్చి వెలుగును పాత సీడీ మీద పడనిచ్చాను. ఇంద్రధనుస్సులో ఆకుపచ్చ ఉండవలసిన చోట చీకటి పట్టీ. పిల్లలకు ఆ రోజు తరువాత మళ్లీ వివరించాల్సిన అవసరం రాలేదు.

మొదలుపెట్టేవారు నైట్రోజన్ డయాక్సైడ్‌నే ఎంచుకోండి. అధిక వేడిలో ఏది మండినా అది పుడుతుంది: బాయిలర్, లారీ ఇంజిను, పొలం మంట. పగటి వెలుగులో దాని ఆయుష్షు కొన్ని గంటలే. కాబట్టి పుట్టినచోటికి దగ్గరలోనే కనిపించి మాయమవుతుంది. పటంలో దాని జాడ పట్టుకుంటే మూలం దొరుకుతుంది. కార్బన్ మోనాక్సైడ్ వారాలు, నెలల తరబడి గాలిలో ఉంటుంది. మీథేన్ దాదాపు పదేళ్లు ఉంటుంది. వాటి పటాలు రాష్ట్రమంతా ఒకే రంగు పులిమినట్టు కనిపించి, ఒక ఊరి ప్రశ్నకు పెద్దగా సాయపడవు.

ఇక ఒక మాట గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ఉపగ్రహం ఇచ్చే సంఖ్య మన ముక్కు దగ్గరి గాలిది కాదు. ఒక చదరపు మీటరు నేల మీద నిలువునా ఉన్న గాలి స్తంభంలో మొత్తం ఎంత వాయువు ఉందో అది చెబుతుంది. ఆ విలువ 0.0001 మోల్ అనుకోండి. నైట్రోజన్ డయాక్సైడ్ ఒక మోల్ బరువు 46 గ్రాములు. అంటే ఆ స్తంభంలో ఉన్నది 4.6 మిల్లీగ్రాములు. అదంతా నేల నుంచి ఒక కిలోమీటరు ఎత్తు వరకు సమంగా కలిసిపోతే ఘనపు మీటరుకు 4.6 మైక్రోగ్రాములు. అదే 200 మీటర్ల పలచని పొరలో ఇరుక్కుంటే 23 మైక్రోగ్రాములు. ఉపగ్రహానికి రెండూ ఒకటే. మనిషికి మాత్రం ఐదు రెట్లు తేడా. 24 గంటల సగటుకు మన దేశ ప్రమాణం 80, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 25. ఒకే పటం, ఒకే రంగు, కాని మొదటి సందర్భంలో ఆందోళన అక్కరలేదు, రెండో సందర్భంలో ఆ 25 అంచుకు చేరినట్టే. ఈ లెక్కను బోర్డు మీద నేనే వేసుకున్నాక, గ్రామసభలో చేసింది ఎంత పెద్ద పొరపాటో నాకు పూర్తిగా అర్థమైంది.

చలికాలపు రాత్రుల్లో గాలి పైకి లేవక, పొగంతా నేలకు అంటుకున్న పలచని పొరలో నిలిచిపోతుంది. ఎండ ఎక్కాక అది పైకి కలిసి విడిపోతుంది. ఆ అమ్మాయి తెల్లవారుజామున చూసిన తెర, ఉపగ్రహం వచ్చే వేళకు ఉండదు. ఆమె మొదటి ప్రశ్నకు ఈ పరికరం జవాబు చెప్పలేదు. రెండో ప్రశ్నకు, ఎవరిది అన్నదానికి, కొంత చెప్పగలదు.

నోటుపుస్తకం ముందు, కంప్యూటర్ తరువాత

సెంటినెల్-5పి మన మీదుగా పోయేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో. అది చూసే పట్టీకి మనం మధ్యలో ఉన్నామా, అంచున ఉన్నామా అన్నదాన్ని బట్టి ఆ సమయం కొంచెం ముందుకో వెనక్కో జరుగుతుంది. మా బడిలో అది మధ్యాహ్న భోజనం ముగిసే వేళ. జెండా కర్రకు పాత చున్నీ పీలిక ఒకటి కట్టాం. వంతు వచ్చిన ఇద్దరు పిల్లలు చేతులు కడుక్కుని వచ్చి, పుస్తకంలో మూడు సంగతులు రాస్తారు. గాలి ఏ దిక్కు నుంచి వస్తోంది, ఆకాశంలో ఎనిమిదో వంతుల లెక్కన ఎంత మబ్బు ఉంది, చుట్టుపక్కల పొలాల్లో పొగ లేస్తోందా. ఇంతే.

గాలికి పేరు అది వచ్చే దిక్కును బట్టి పెడతారు. ఈశాన్యపు గాలి అంటే ఈశాన్యం నుంచి నైరుతికి వీచేది. పీలిక ఎగిరే దిక్కు దానికి సరిగ్గా ఎదురు. మా పుస్తకంలో మొదటి రెండు వారాలు ఇది తారుమారైంది. అన్నీ కొట్టివేసి మళ్లీ మొదలుపెట్టాం. మీరు పుస్తకం మొదటి పేజీలోనే బొమ్మ గీసి పెట్టుకోండి.

ఈ పుస్తకం ఎందుకంటే, ఉపగ్రహ చిత్రంలో ఒక రోజు ఖాళీగా ఉంటే అది మబ్బు వల్లనా మరో కారణమా అని మీకు ముందే తెలిసి ఉంటుంది. చిత్రాన్ని మనం చూసిన ఆకాశంతో పోల్చే అలవాటు లేకపోతే, తెర మీది రంగులే నిజమనిపిస్తాయి.

పటం తయారు చేయడం

ఊరికే చూడాలనుకుంటే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటు చాలు. ఉచితంగా ఖాతా తెరిచి, సెంటినెల్-5పి ఎంచుకుని, వాయువు పేరు, తేదీ ఇస్తే చిత్రం వస్తుంది. మీ ప్రాంతాన్ని ఒక వారం పాటు రోజూ చూడండి. రోజుకు రోజుకు ఎంత మారుతుందో కళ్లకు అలవాటు పడాలి. అంతకు మించి అక్కడ ఆగనవసరం లేదు.

అసలు పని గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో, అంటే ఉపగ్రహ సమాచారాన్ని ఇంటర్నెట్‌లోనే లెక్కించి పటాలు గీసే చోట. వ్యాపారం కాని అవసరాలకు అది ఉచితం. పది పన్నెండు వరుసల కోడ్ సరిపోతుంది, దానికి నమూనా అక్కడే దొరుకుతుంది. సమాచారం రెండు రకాలుగా ఉంటుంది: కొన్ని గంటల్లోనే వచ్చేది, కొన్ని రోజులు ఆగి జాగ్రత్తగా లెక్కించి ఇచ్చేది. రెండోదే తీసుకోండి. మనకు తొందర లేదు. అందులో ట్రోపోస్ఫియర్ వరకు, అంటే నేలను ఆనుకుని ఉన్న గాలి పొర వరకు మాత్రమే లెక్కించిన బ్యాండును (విలువల వరుసను) ఎంచుకోండి. పైన స్ట్రాటోస్ఫియర్‌లోనూ నైట్రోజన్ డయాక్సైడ్ ఉంటుంది, దానికీ మన పొగగొట్టాలకూ సంబంధం లేదు. మబ్బు కమ్మిన, నాణ్యత తక్కువైన కొలతలను ఈ బ్యాండులో ముందే తీసివేసి ఉంచుతారు.

తరువాత కాలాన్ని ఎంచుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మబ్బుల వల్ల మన ప్రాంతంలో కొలతలు చాలా తగ్గిపోతాయి, వాటితో పని పెట్టుకోవద్దు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి కలిపి ఒక సగటు తీయండి. ఒక ఏడాది చలికాలాన్ని మరో ఏడాది చలికాలంతోనే పోల్చండి, ఎండాకాలంతో కాదు.

సగటు పటంతో పాటు ఇంకో పటం కూడా తప్పక తీయండి. ఒక్కో చోట ఎన్ని రోజుల కొలతలు ఆ సగటులోకి వచ్చాయో చూపే లెక్క పటం అది. దీన్ని చాలామంది వదిలేస్తారు. నేను పెట్టుకున్న నియమం: ఎక్కడైనా ఇరవై రోజుల కన్నా తక్కువ ఉంటే ఆ చోటు గురించి మాట్లాడను.

కొన్ని విలువలు సున్నా కన్నా తక్కువ కనిపిస్తాయి. గాలిలో వాయువు రుణ సంఖ్యలో ఉంటుందా అని పిల్లలు అడిగారు. ఉండదు. కాని ఖాళీ తక్కెడ ముల్లు సున్నాకు అటూ ఇటూ ఊగుతుంది కదా. ఎడమ వైపు ఊగిన ప్రతిసారీ ఆ కొలతను పారేసి, కుడి వైపు ఊగినవే సగటు తీస్తే, ఖాళీ తక్కెడ కూడా బరువు చూపిస్తుంది. శుభ్రమైన గాలిని మురికి గాలిగా చూపడమే అది. ఆ రుణ విలువలను అలాగే ఉంచి సగటు తీయండి.

రంగుల కొలబద్ద గురించి నా అనుభవం చెప్పాను. నమూనా కోడ్‌లో అది 0 నుంచి 0.0002 వరకు ఉంటుంది. మన వైపు తేడాలు కనిపించడానికి పై అంచును 0.0001కి దించవచ్చు. ఏది పెట్టినా అన్ని పటాలకూ అదే ఉండాలి, పటం కింద పెద్ద అక్షరాలతో రాయాలి.

ఇంకో ఉచ్చు ఉంది. ఎర్త్ ఇంజిన్‌లో చిత్రం దాదాపు ఒక కిలోమీటరు గడులతో నునుపుగా కనిపిస్తుంది. కాని పరికరం కొలిచే అసలు గడి సరిగ్గా దాని కిందికి వచ్చినప్పుడు కూడా 5.5 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు. 2019 ఆగస్టుకు ముందు పొడవు 7 కిలోమీటర్లు. అంటే ఒక్క గడిలో దాదాపు 19 చదరపు కిలోమీటర్లు, మూడు నాలుగు ఊళ్లు. పటాన్ని పెంచి పెంచి, ఫలానా రైస్ మిల్లు మీద మచ్చ ఉందని చెప్పే హక్కు మనకు లేదు.

చేయి తిరగడానికి ఒక అభ్యాసం చేయండి: 2019 ఏప్రిల్, 2020 ఏప్రిల్ సగటులను పక్కపక్కన పెట్టండి. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. నగరాల మీద రంగు ఎలా పలచబడిందో, నడుస్తూనే ఉన్న బొగ్గు విద్యుత్ కేంద్రాల దగ్గర ఎంత మిగిలిందో మీరే చూస్తారు. ఉపగ్రహం చూపేదాన్ని నమ్మడానికి, దాన్ని పరీక్షించడానికి ఇంతకు మించిన పాఠం నాకు దొరకలేదు.

గాలి దిక్కుతో విడదీయడం

చలికాలపు సగటు పటంలో ఉత్తర తెలంగాణలో అన్నిటికన్నా ముందు కంటపడేది రామగుండం. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసి వాహనాల వల్ల తమ మచ్చ తాము చూపిస్తాయి. చెల్పూరు చిన్నది. అయితే మచ్చ అక్కడ ఉంది కాబట్టి పొగ మా ఊరికి వస్తోందని చెప్పడం కుదరదు. గాలి ఎటు తీసుకెళ్తోందో చూడాలి.

ఎర్త్ ఇంజిన్‌లోనే ఈఆర్ఏ5 అనే వాతావరణ సమాచారం గంట గంటకూ దొరుకుతుంది. అందులో 10 మీటర్ల ఎత్తు గాలీ, 100 మీటర్ల ఎత్తు గాలీ రెండూ ఉంటాయి. పొగగొట్టాల విషయంలో 100 మీటర్లదే తీసుకోండి. నేల దగ్గర చెట్లు, ఇళ్లు గాలిని మలుపు తిప్పుతాయి. సమయం అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటుంది. మనకు ఒకటిన్నర అంటే అక్కడ ఉదయం 8 గంటలు. ఈ ఐదున్నర గంటల తేడా మరచిపోతే రాత్రి ఏడు గంటల గాలిని మధ్యాహ్నపు చిత్రానికి అతికించినట్టవుతుంది.

ఇప్పుడు చలికాలంలోని రోజులను గాలి దిక్కును బట్టి కుప్పలు పోయండి. ఈశాన్యం నుంచి వీచిన రోజులు ఒక కుప్ప, ఆగ్నేయం నుంచి వీచినవి ఇంకోటి, అలా. గాలి దాదాపు ఆడని రోజులను పక్కన పెట్టండి, ఆ రోజుల్లో దిక్కుకు అర్థం లేదు. ఒక్కో కుప్పకు విడిగా సగటు పటం తీసి, అదే కొలబద్దతో రంగులు వేసి, బటర్ పేపర్ మీద మచ్చల అంచులు గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకు చూడండి. మేం అలాగే చేశాం. కంప్యూటర్‌లోనూ చేయవచ్చు, కాని తమ చేత్తో గీసిన గీత కదలడం చూసినప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించిన ఆశ్చర్యం నాకు ముఖ్యం.

పొగగొట్టం దగ్గరి మచ్చ గాలి మారినప్పుడు నాలుకలా దిక్కు మార్చుకుంటే ఆ వాయువు అక్కడిదే. గాలి ఎటు మారినా కదలకుండా అన్ని వైపులా సమంగా పలచగా ఉన్నది ఇళ్లది, రోడ్లది, చుట్టుపక్కల అందరిదీ. మా మొదటి చలికాలంలో ఈశాన్యపు గాలి రోజుల్లో చెల్పూరు నాలుక నైరుతికి తిరిగింది, కాని మా మండలం చేరేలోగా చుట్టూ ఉన్న రంగులో కలిసిపోయింది. మేం రాసుకున్నదీ అంతే. వస్తోందనీ రాయలేదు, రావడం లేదనీ రాయలేదు.

పొలం మంటలు

జనవరి నుంచి మార్చి వరకు పత్తి కట్టె, ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వరి కొయ్యలు కాలుస్తారు. వీటికి నాసా వారి ఫర్మ్స్ అనే మంటల పటం వాడండి. మీ మండలం చుట్టూ హద్దు గీసి ఈమెయిల్ ఇస్తే, మంట కనిపించినప్పుడల్లా సమాచారం వస్తుంది. విర్స్ అనే పరికరం 375 మీటర్ల గడులతో వేడిని చూస్తుంది. గడి కన్నా చాలా చిన్న మంట అయినా, బాగా వేడిగా ఉంటే దొరుకుతుంది.

ఇది కూడా సుమారుగా మధ్యాహ్నం ఒకటిన్నరకు, మళ్లీ రాత్రి ఒకటిన్నరకు మాత్రమే చూస్తుంది. మా రైతులు నిప్పు పెట్టేది ఎక్కువగా సాయంత్రం, ఎండ తగ్గాక. ఆరింటికి మొదలై తొమ్మిదింటికి ఆరిన మంట దీనికి దొరకదు. చుక్కలు లేవు కాబట్టి ఎవరూ కాల్చలేదని అనుకోవద్దు. అందుకే నోటుపుస్తకంలో పొగ సంగతి రాయమన్నాను. మరోవైపు, ఏడాదంతా ఒకే చోట మళ్లీ మళ్లీ వచ్చే చుక్క పొలం మంట కాదు. అది ఫ్యాక్టరీ కొలిమో, బొగ్గు మంటో అయి ఉంటుంది. పైగా చుక్క గడి మధ్యలో పెడతారు, మంట ఆ గడిలో ఎక్కడైనా ఉండవచ్చు. ఆ చుక్కను చూపించి ఒక రైతు ఇంటి ముందుకు వెళ్లి నిలదీయడం అన్యాయం. ఆ మనిషికి గడ్డి కట్టలు కట్టే యంత్రం సమయానికి దొరకలేదేమో అడగండి.

సన్నని ధూళి సంగతి కొద్దిగా. ఉపగ్రహాలు పీఎం 2.5ను నేరుగా కొలవవు. గాలిలోని కణాలు కాంతిని ఎంత అడ్డుకున్నాయో చూసి, దాని నుంచి అంచనా కడతారు. తేమ ఎక్కువైతే కణాలు ఉబ్బి ఆ అంచనా చెదురుతుంది. దీనికి నేల మీది యంత్రమే దిక్కు. సల్ఫర్ డయాక్సైడ్ కొలతల్లో ఊగిసలాట చాలా ఎక్కువ, ఏడాది సగటు కన్నా తక్కువతో ఏమీ చెప్పవద్దు.

మళ్లీ గ్రామసభ

నిరుడు రెండో సారి గ్రామసభకు వెళ్లాను. ఈసారి రెండే కాగితాలు: ఈశాన్యపు గాలి రోజుల పటం, మిగతా రోజుల పటం. రెండింటి కిందా ఏ నెలలు, ఎన్ని రోజుల సగటు, కొలబద్ద ఎంత, ఏ గంటకు చూసినది అన్న నాలుగు సంగతులు రాశాం. పటం చూపించేముందు ఆ నాలుగు వరుసలే తొమ్మిదో తరగతి అమ్మాయి చదివింది. "ఇది పైనుంచి చూసిన మొత్తం గాలి లెక్క, మనం పీల్చే గాలి లెక్క కాదు" అని కూడా ఆమే చెప్పింది. ఆ పెద్దాయన అదే వెనక వరుసలో ఉన్నాడు. అంతా విని, "మరి రాత్రి సంగతి? నాకు దగ్గు వచ్చేది తెల్లవారుజామునే కదా తల్లీ" అన్నాడు.

రాత్రి సూర్యకాంతి ఉండదు కాబట్టి ఈ పరికరం చూడలేదని అమ్మాయి జవాబు చెప్పింది. అప్పుడే అక్కడే తీర్మానం రాశారు. మా మండలంలో నేల మీద గాలిని కొలిచే కేంద్రం పెట్టాలని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిని కోరుతూ వినతిపత్రం. దానికి రెండు పటాలు, జెండా కర్ర దగ్గరి నోటుపుస్తకంలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకున్న పేజీల నకళ్లు జత చేశాం. కేంద్రం ఎక్కడ పెడితే బాగుంటుందో కూడా రాశాం: బడి డాబా మీద, పీలిక కట్టిన కర్రకు పది అడుగుల దూరంలో.